డబ్బా దుంపపై మోపిన నేరం

నల్లజర్ల మెట్టకు బంగాళాదుంప పరాయి పంట. గడ్డ ఊరడానికి చల్లని రాత్రులు కావాలి. కనుక అక్కడి వంటింటికి అది దూరంనుంచి రావలసినదే. దానినే తొక్కతీసి, ఉప్పునీటితో రేకుడబ్బాలో మూసి, తీవ్రమైన వేడిపెట్టి అమ్మితే “అందులో సారమేముంది?” అని కొట్టివేస్తాము. ఈ మాట సగమే నిజం.

వంద గ్రాముల పచ్చి దుంపలో ‘సి’ విటమిను సుమారు 20 మిల్లీగ్రాములు. నీరు వంచిన డబ్బా దుంపలో 5. నష్టం పెద్దదే. అయితే మన ఇంట తొక్కతీసి ఉడికించిన దుంపలో మిగిలేది మాత్రం ఎంత? 7! తొక్కతోనే ఉడికిస్తే 13 నిలుస్తుంది. ఈ విటమిను వేడికి చెడుతుంది, నీటిలో కరుగుతుంది. డబ్బాపై మోపిన నేరంలో చాలా భాగం మన కత్తిపీటది, గంజివార్చినట్లు పారబోసే ఆ నీటిది.

తప్పు పట్టవలసింది ఉప్పును. ఉప్పులేక ఉడికించిన దుంపలో సోడియం 5 మిల్లీగ్రాములు. డబ్బా దుంపలో 200 పైచిలుకు. ఆవకాయ తినే మనకు ఇదొక లెక్కా అనిపించవచ్చు. రక్తపుపోటు ఉన్నవారికి లెక్కే. దుంపలను కడిగి వండితే ఉప్పు కొంత తగ్గుతుంది. మిగిలిన ‘సి’ విటమినులో కొంత కూడా ఆ కడుగునీటితోనే పోతుంది.