కెమెరా ఎవరి ఎత్తులో ఉంది?

మీడియా ప్రొడక్షన్ క్లాసులో మొదటి వారం చెప్పే పాఠం కెమెరా కోణాల గురించి. పైనుంచి తీస్తే మనిషి బలహీనంగా కనిపిస్తాడు, కిందనుంచి తీస్తే బలవంతుడిగా కనిపిస్తాడు, కంటి ఎత్తులో తీస్తే తటస్థంగా ఉంటుంది. పాఠ్యపుస్తకాలు ఇంచుమించు ఇలాగే చెబుతాయి. సాహిత్యంలో పరిశోధన చేసి ఈ క్లాసు చెప్పడానికి వచ్చిన నాకు ఆ 'తటస్థం' అనే మాటతోనే పేచీ. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి, ఎక్కడ నిలబడి అని అడగకుండా మనం ఒక్క కథనైనా చదవం. కెమెరా చేతికి రాగానే ఈ ప్రశ్నలన్నీ సిద్ధాంతాల పేపరుకి వెళ్ళిపోతాయి. ప్రొడక్షన్ పేపరులో లెన్సులూ లైట్లూ ఎడిటింగూ మిగులుతాయి. ఈ విభజనతోనే నష్టం మొదలవుతోందని నా వాదన.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. వాళ్ళు కోణాలకి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పటేలుకీ కూలికీ మధ్య ఎత్తు తేడా ఉన్న చూపు 'పటేల్ షాట్'. కంటి ఎత్తులో తీసేది 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. మన పుస్తకం తటస్థం అన్నదాన్ని వాళ్ళు సంఘం అన్నారు. ఇది అనువాదం కాదు, విమర్శ. ఎదుటి మనిషి కళ్ళలోకి సమానంగా చూడగలగడం వాళ్ళకి పుట్టుకతో రాలేదు, సంఘం పెట్టుకుని సంపాదించుకున్నారు.

మాచునూరులో ఆ స్త్రీల రేడియో స్టూడియో 1998లోనే సిద్ధమైంది. 2002 చివర్లో వచ్చిన విధానం విద్యాసంస్థలకే అనుమతి ఇచ్చింది. పౌర సంస్థలకి 2006 దాకా తలుపు తెరుచుకోలేదు. అంతవరకూ క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్న వాళ్ళు, 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలుపెట్టారు. గాలిలోకి మాట పంపే హక్కు ముందు ఎవరికి దొరికిందన్నది కూడా ప్రొడక్షన్ పాఠమే కదా!

ఇక మన క్లాసుల్లోకి వద్దాం. బృందాలుగా విడిపొమ్మంటే పని దానంతటదే పంచుకోబడుతుంది. యాంకరింగ్, వాయిస్ ఓవర్ అమ్మాయిలకి, కెమెరా, ఎడిటింగ్ అబ్బాయిలకి. ఆసక్తిని బట్టి ఎంచుకున్నారని అంటారు. ఎడిటింగ్ ల్యాబ్ ఖాళీగా దొరికేది రాత్రిపూట. అమ్మాయిల హాస్టల్ గేటు మూసేది అంతకంటే ముందే. మరి దీన్ని ఆసక్తి అందామా? కాలర్ మైకు సంగతీ అంతే. కాలర్ ఉన్న చొక్కాకి పెట్టడం అందరికీ చూపిస్తాం. చీర కట్టుకున్న స్త్రీకి దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎవరు పెట్టాలి, వైరు ఎటు తీయాలి అన్నది పాఠంలో ఉండదు. కొత్త కుర్రాడు మైకు పట్టుకుని దగ్గరికి రాగానే ఆమె పైట సర్దుకుంటుంది, మాట అక్కడే బిగుసుకుపోతుంది. తర్వాత మనం 'ఆమె సరిగ్గా మాట్లాడలేదు' అని రాసుకుంటాం.

నా విద్యార్థుల బృందం ఒకటి నిజామాబాద్ జిల్లాలో బీడీ కార్మికుల మీద చిన్న చిత్రం తీసింది. బృందంలో ఒకమ్మాయి తల్లి బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరించే వేళ్ళు క్లోజప్‌లో, వెనక విషాదంగా వేణువు. పరీక్షకులు మెచ్చుకున్నారు. అమ్మాయి చిత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే తల్లి అన్నదట: "నా చేతులు మంచిగ తీసిండ్రు. నేను చెప్పింది ఏడ వోయింది?" కూలి గురించీ, బాగాలేవని పక్కన పడేసే బీడీల గురించీ ఆమె చెప్పిన మాటలు 'నిడివి ఎక్కువై' ఎడిటింగ్‌లో పోయాయి. అందానికి చోటు దొరికింది, లెక్కలకి దొరకలేదు.

ఇంకోలా తీసినవాళ్ళు మనకు లేకపోలేదు. దీపా ధన్‌రాజ్ తదితరుల యుగాంతర్ బృందం 1982లో నిప్పాణి పొగాకు కార్మిక స్త్రీలతో కలిసి 'తంబాకూ చాకిలా ఊబ్ ఆలీ' తీసింది. 1983లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి, ఇంట్లో హింస గురించి తెలుగులో 'ఇది కథ మాత్రమేనా?' తీసింది. వాళ్ళతో 'కలిసి' తీయడమే వాటి పద్ధతి. ఆ స్త్రీశక్తి సంఘటనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటని వాళ్ళ గొంతులోనే అచ్చువేసింది. వినడం ఒక నైపుణ్యమని ఆ పుస్తకం సాహిత్య విద్యార్థులకి నేర్పింది. మీడియా విద్యార్థులకి దాన్ని పాఠంగా పెట్టడానికి అడ్డేమిటి?

పిల్లలకి ఉద్యోగాలు కావాలి, పరిశ్రమకి పనివాళ్ళు కావాలి అంటారు. నిజమే. ఫోకస్ తెలియనివాళ్ళని పంపమని నేను అనడం లేదు. కానీ ఫోకస్ ఎవరి మీద పెట్టాలో తెలియడం కూడా పనితనమే.

అందుకని మార్కుల దగ్గరే మొదలుపెడదాం. ఇప్పుడు మార్కులన్నీ పూర్తయిన చిత్రానికే. కొన్ని, తీసిన చిత్రాన్ని అందులోని మనుషులకి చూపించి, వాళ్ళ అభ్యంతరాలు రాసుకొచ్చినందుకు ఇవ్వాలి. కొన్ని, ఆ తర్వాత చేసిన మార్పులకి ఇవ్వాలి. ప్రతి విద్యార్థీ అన్ని పనులూ వంతులవారీగా చేయాలి. ల్యాబ్ వేళలు గేటు వేళలతో కుదరాలి, లేదా గేటు వేళలు మారాలి. వీటికి కొత్త పరికరాలేమీ అక్కర్లేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశాల్లో కూర్చునే మనలాంటి వాళ్ళు పట్టుబడితే చాలు.