పరుల సాయము, ఇంటివారి యుద్ధము

పంచతంత్రమందలి గంగదత్తుడను కప్పరాజు కథ చదువరు లెరిగినదే. దాయాదులపై కసితో నతడు ప్రియదర్శనుడను పామును తానే పిలిచి బావిలోనికి త్రోవ చూపెను. పాము దాయాదులను మ్రింగెను. వారు ముగిసిన పిదప గంగదత్తుని కొడుకును మ్రింగెను. ఒక దేశపు టంతర్యుద్ధములోనికి పరదేశములు ప్రవేశించు విధమును ఈ చిన్న కథ చాలవరకు చెప్పును. పూర్తిగా మాత్రము చెప్పదు. చెప్పక విడిచిన దేదో తెలిసికొనుటకు, స్పెయిను యుద్ధమును గూర్చి జార్జి ఆర్వెల్ 1938లో ప్రకటించిన ‘హోమేజ్ టు కాటలోనియా’ యను గ్రంథమును మరల చదువవలెనని మా యభిప్రాయము.

ఆర్వెల్ 1903లో మన దేశమునందే మోతీహారిలో పుట్టిన ఆంగ్లేయుడు. బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి విడిచినవాడు. 1936 డిసెంబరులో స్పెయినునకు పోయి, ప్రజాప్రభుత్వపక్షమున పోరాడుచున్న పౌమ్ అను చిన్న మార్క్సిస్టు పక్షపు దళములో చేరెను. అతని చేతికి వచ్చిన తుపాకి 1896 నాటి జర్మను మాసర్. అరగాన్ కొండలలో శత్రువుకంటె చలియు, వంటచెరకు లేమియు సైనికుల కెక్కువ చింత గలిగించెనని వ్రాసెను. 1937 మే నెలలో గొంతున గుండు తగిలి, అదృష్టవశమున బ్రతికెను. యుద్ధమునకు అలంకారములు తొడుగని వచనము ఈ గ్రంథమునకు మొదటి గుణము.

అయినను మా కంతకంటె విలువైనవిగా తోచినవి, పలువురు దాటవేయు రాజకీయాధ్యాయములు రెండు. కథాగమనమున కడ్డమని కొన్ని పిమ్మటి ముద్రణములలో వానిని గ్రంథాంతమునకు మార్చిరి. అది రచయిత కోరికయే యైనను మాకు రుచింపలేదు. ఆ అధ్యాయములు లేనిచో కందకములోని బురద కనబడును గాని, ఆ కందకమునకు మంచి తుపాకులు రాకపోవుటకు కారణము కనబడదు.

కారణము పరుల సాయముయొక్క వెల. 1936 జూలైలో తిరుగుబాటు సేన మొరాకోలో చిక్కుకొనియుండగా ఫ్రాంకో సేనాని హిట్లరు నర్థించెను. జర్మను విమానములు ఆ సేనను స్పెయినునకు దాటించెను. ముసోలినీ విమానములను, పిదప వేలకొలది సైనికులను పంపెను. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణమును తగులబెట్టినవి ముఖ్యముగా జర్మను విమానములే. ప్రజాప్రభుత్వమునకు ఆయుధము లెక్కువగా సోవియట్ దేశమునుండి వచ్చెను. అవియు నూరక రాలేదు. 1936 అక్టోబరులో సుమారు 510 టన్నుల బంగారము కార్టహేనా రేవునుండి తరలిపోయెను. అది కంటికి కనబడు వెల. కనబడని వెల బార్సిలోనా వీథులలో చెల్లింపబడినదని ఆర్వెల్ వాదము. ఆయుధము లిచ్చువారి మాటకు బలము పెరిగెను. 1937 మే నెలలో ఒకే ప్రభుత్వమును సమర్థించు పక్షములు తమలో తాము కాల్చుకొనెను. జూనులో పౌమ్ నిషేధింపబడెను. దాని నాయకుడగు ఆంద్రేయు నీన్ సోవియట్ గూఢచారులచేత హతుడయ్యెను. ముందువరుసలో నెత్తురు కార్చినవారిని సొంతపక్షపు పత్రికలే ఫ్రాంకో వేగులని వ్రాసెను.

ఇంతవరకు గంగదత్తుని కథయే. ఇక గ్రంథమునందలి లోపము. 1936 ఆగస్టులో ఫ్రాన్సు తన సరిహద్దున ఆయుధముల రాకపోకలను నిలిపెను. సెప్టెంబరు 9న లండనులో జోక్యరాహిత్య సంఘము కూడెను. జర్మనీ, ఇటలీ, సోవియట్ దేశములును అందు సభ్యులే! న్యాయముగా ఎన్నికైన ప్రభుత్వమునకు అంగడి మూసి, తిరుగుబాటుదారునకు దొడ్డిత్రోవ విడుచుట తటస్థత కాదు. అదియు నొక జోక్యమే. మెక్సికో కొంత తోడ్పడినను, పెద్ద అంగళ్లలో సోవియట్ అంగ డొక్కటియే తెరచియుండెను. బార్సిలోనాలో మాస్కో మాట చెల్లుటకు లండను, పారిసుల మౌనమును కారణమే. ఆర్వెల్ ఈ సంగతిని స్పృశించెనే గాని విచారింపలేదు. పాము నేల పిలిచితివని కప్ప నడుగువారు, తలుపు మూసికొన్న పొరుగువారినిగూడ అడుగవలెను గదా!

మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపదగిన దింకొకటి. స్పెయిను పాలనలో నణగియున్న మొరాకోవారు వేలకొలదిగా ఫ్రాంకో సేనలో పోరాడిరి. ప్రజాప్రభుత్వము మొరాకోకు స్వాతంత్ర్యము ప్రకటింపకపోవుటను, ఫ్రాన్సు నొచ్చునను భయమును ఆర్వెల్ నిర్మొగమాటముగా నిందించెను. తన స్వేచ్ఛకై పోరు దేశము తన యధీనులకు స్వేచ్ఛ నీయనిచో, ఆ యధీనులే శత్రువు చేతి కత్తి యగుదురు. 1914-18 యుద్ధమున పది లక్షలకు మించిన భారతీయులు ఇతరుల తగవునకై సముద్రములు దాటిరి. కావున ఈ పుటలు మనకు పరాయివి కావు.

మొదట నచ్చువేసిన 1,500 ప్రతులు, 1950లో రచయిత మరణించునాటికిని పూర్తిగా అమ్ముడుపోలేదు. తన పక్షపాతమును కనిపెట్టి చదువుడని తానే హెచ్చరించిన నిజాయితీ ఆనాడు కొద్దిమందికే పట్టినది. ఒక దేశము పరుల యుద్ధమున కాలు మోపినదన్న వార్త రాగానే మన యిండ్లలో మొదట వినబడు ప్రశ్న, అది ఎవరి పక్షమని. ఈ గ్రంథము చదివినవారు పిలిచిన దెవరు, వెల యేమి, తలుపు మూసిన దెవరు అనికూడ నడుగుదురు. చప్పట్లు కొట్టుటకు ముందే అడుగుదురు.