నిరోధించింది, కానీ ఎక్కడ?

మొక్కల్లోని రసాయనాలు కరోనా వైరస్‌ను అడ్డుకుంటాయన్న వార్తలు 2020 నుంచి తెలుగు పత్రికల్లో తరచు కనిపిస్తూ వచ్చాయి. పసుపు, వేప, తిప్పతీగ, అతిమధురం... జాబితా పెద్దదే. మూల పరిశోధనా పత్రంలో సాధారణంగా ఉండే మాట ‘ఇన్‌హిబిట్స్’. అనువాదంలో అది ‘నిరోధిస్తుంది’. శీర్షికకెక్కేసరికి ‘నివారిస్తుంది’. పాఠకుడి ఇంటికి చేరేసరికి ‘నయం చేస్తుంది’. ఇలా మాట మారిన ప్రతిచోటా జరగని ప్రయోగమొకటి జరిగినట్టే అయిపోతోంది.

అతిమధురం సంగతే చూద్దాం. దాని వేరులోని గ్లిసిరైజిన్ సార్స్ వైరస్ వృద్ధిని అడ్డుకుంటుందని ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు 2003లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఫలితం నిజమైనదే. అయితే ఆ ప్రయోగం జరిగింది ప్రయోగశాలలో పెంచిన కోతి మూత్రపిండ కణాల మీద. వీటినే వీరో కణాలంటారు. వైరస్ వృద్ధి సగానికి తగ్గడానికి లీటరు ద్రవంలో సుమారు 300 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ కావలసి వచ్చింది. మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అదే గాఢత రావాలంటే రక్తంలోనే గ్రామున్నర నిలిచి ఉండాలి. నోటితో తీసుకున్నదాన్ని చాలావరకు పేగుల్లోని బ్యాక్టీరియా విడగొట్టేస్తుంది. మోతాదు పెంచితే ఒంట్లో పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. రోజూ తీసుకునేవారు 100 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహార నిపుణుల సంఘం ఆ ఏడాదే సూచించింది. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూపిన వార్త అరుదు.

మోతాదు కుదిరినంత మాత్రాన చాలదు, కణం కూడా సరైనది కావాలి. సింకోనా బెరడులోని క్వినైన్ కుటుంబానికి చెందిన కృత్రిమ మందు క్లోరోక్విన్. 2020 ఆరంభంలో ఇది వీరో కణాల్లో కోవిడ్ వైరస్‌ను చక్కగా ఆపింది. దాని తోబుట్టువు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రి రోగుల మరణాలను తగ్గించలేదని అదే ఏడాది జూన్‌లో బ్రిటన్‌లోని ‘రికవరీ’ పరీక్ష తేల్చింది. కారణం ఉంది. వీరో కణంలోకి వైరస్ ఎండోసోమ్ అనే ఆమ్లపు సంచి ద్వారా వస్తుంది. క్లోరోక్విన్ ఆ ఆమ్లతను తగ్గించి దారి మూస్తుంది. ఊపిరితిత్తుల కణం పైపొర మీద ఉండే ఒక ఎంజైము వైరస్‌కు వేరే తలుపు తెరుస్తుంది. అక్కడ ఈ మందుకు పనిలేదు.

ఇక కంప్యూటర్ తెర మీద అణువును వైరస్ ప్రొటీనుకు అమర్చి చూసే ‘డాకింగ్’ పత్రాలు ఇంకో మెట్టు కింద ఉన్నట్టు. అక్కడ కణం కూడా లేదు.

ఇదంతా మొక్కల మీద అవిశ్వాసం కాదు. మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియాకు ఆర్టిమిసినిన్ తీసిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ మందు జంతువుల మీద, మనుషుల మీద పరీక్షలన్నీ దాటి వచ్చింది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికా మందు కోసం వేలమంది కిక్కిరిశారు. భయంతో వచ్చిన జనాన్ని తప్పుపట్టే ముందు, మన శీర్షికలు వాళ్లకేం నేర్పాయో చూసుకోవాలి.

ఏ కణంలో? ఎంత మోతాదులో? ఎంతమంది రోగుల్లో? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా ‘కోతి కణాల్లో నిరోధించింది’ అని పూర్తిగా రాయడమే మంచిది. శీర్షిక కాస్త పొడవైనా ఫరవాలేదు.