వంపు ఎక్కడికి జరిగింది?

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి లెక్కల పుస్తకంలో, బహుపదుల పాఠంలో ఒక పట్టిక ఉంది. ఎక్స్² − 3ఎక్స్ − 4 విలువలు −2 నుంచి 5 దాకా వేసి చూపిస్తారు. 1 దగ్గర −6, 2 దగ్గరా −6. మయూర్ విహార్‌లో సాయంత్రాలు నా దగ్గరికి లెక్కలకు వచ్చే పిల్లలు చాలామంది ఆ రెండు చుక్కల్నీ స్కేలు పెట్టి కలిపేస్తారు. పరావలయానికి అడుగు చదునైపోతుంది.

అసలు అడుగు ఆ పట్టికలో లేనే లేదు. అది ఒకటిన్నర దగ్గర, −6.25 లోతున ఉంది. దాన్ని పట్టుకోవాలంటే వర్గాన్ని పూర్తి చేయాలి: (ఎక్స్ − 1.5)² − 6.25. ఇలా రాయగానే ఇది కొత్త వంపేమీ కాదని తెలిసిపోతుంది. మూలబిందువు దగ్గరుండే ఎక్స్² గీతే ఒకటిన్నర కుడికి, ఆరుంపావు కిందికి జరిగింది. 2022లో పాఠాలు తగ్గించినప్పుడు ఈ పద్ధతిని ఆ పుస్తకంలోంచి తీసేశారు. సూత్రంతో మూలాలు వచ్చేస్తాయి, నిజమే. కానీ వంపు చిరునామా పోయింది. నాకది బాధగానే ఉంది. అందుకే ఇప్పటికీ చెబుతున్నాను.

"మైనస్ ఉంటే ఎడమకి పోవాలి కదా సార్?" అని అడగని పిల్లలుండరు. బ్రాకెట్ సున్నా కావాలంటే ఎక్స్ ఎంత ఉండాలో చూడమంటాను. ఒకటిన్నర. అడుగు అక్కడే ఉంటుంది.

గుణకం సంగతి ఇంకా బాగుంటుంది. 2ఎక్స్² సన్నబడినట్టు కనిపిస్తుంది గానీ, ఎక్స్² గ్రాఫును పొడవూ వెడల్పూ సగానికి తగ్గిస్తే వచ్చేది సరిగ్గా అదే. పరావలయాలన్నిటిదీ ఒకే ఆకారం, పరిమాణాలే వేరు.

గుణకానికి మైనస్ పడితే వంపు తిరగబడుతుంది. నోయిడా వైపు పోయే దారిలో ఫ్లైఓవర్లకు కొదవ లేదు. రోడ్డు ఎక్కి దిగే చోట నిలువు వంపును ఇంజనీర్లు మామూలుగా పరావలయంగానే వేస్తారు, ఎందుకంటే దాని మీద వాలు ప్రతి మీటరుకూ ఒకే లెక్కన మారుతుంది. బండి కుదుపు లేకుండా దిగుతుంది. నూటికి నాలుగు ఎక్కి, నాలుగు దిగే వంపు 100 మీటర్లలో పూర్తవ్వాలనుకుందాం. శిఖరాన్ని మూలబిందువుగా పెడితే గుణకం −0.0004. అంత చిన్నది కాబట్టే అంత వెడల్పుగా పరుచుకుంటుంది. చివరలకంటే శిఖరం ఎత్తు ఒక్క మీటరే.

ఇప్పుడు మూలబిందువును రోడ్డు ఎక్కే చివరకు జరపమన్నాను. 50 కుడికి, 1 పైకి: −0.0004(ఎక్స్ − 50)² + 1. పట్టిక వేయకుండానే రాసేశారు.