అభ్యంతరము చెప్పువాడు అభ్యంతరపరచువాడా? – ఒక పద విమర్శ

కొన్ని సంవత్సరముల క్రితము ఒక సంఘ సర్వసభ్య సమావేశములో జమాఖర్చులు చదివిన పిమ్మట, "ఎవరికైనా అభ్యంతరమున్నదా?" అని అధ్యక్షులు అడిగిరి. వెనుక వరుసలోని ఒక సహోదరుడు లేచి, "ఉన్నదండి. మందిర నిర్మాణపు లెక్క ఇంకొకసారి చదవండి" అనెను. వెంటనే ఒక పెద్ద మత్తయి 18:6 చదివి, అభ్యంతరపరచువారికి కలుగు శిక్షను గూర్చి హెచ్చరించి, ప్రార్థనతో సభ ముగించిరి. వేదికమీద కూర్చున్నవారిలో మేమును ఉంటిమి, ఏమియు పలుకలేదు. ఆనాడు చెప్పవలసినది ఇప్పుడు వ్రాయుచున్నాము.

సంస్కృతములో అభ్యంతరము అనగా లోపలిది. తెలుగు వాడుకలో దీనికి అడ్డంకి, ఆక్షేపణ అను అర్థములు స్థిరపడినవి. వివాహ ప్రకటనలలోను సభలలోను నేడు మనము వినునది ఆక్షేపణ అను అర్థమే. మత్తయి 18:6–7లో మన తెలుగు బైబిలు ఈ మాటను వాడినచోట గ్రీకు మూలములో ఉన్నవి స్కాండలిద్జో అను క్రియ, స్కాండలాన్ అను నామవాచకము. స్కాండలాన్ అనగా మొదట బోనులో ఎర తగిలించు పుల్ల. తరువాత, ఒకనిని పడద్రోయునది. ఇచ్చట ప్రభువు ఖండించినది విశ్వాసముంచిన చిన్నవారిని పాపములో పడద్రోయుటనే గాని ప్రశ్నించుటను కాదు. 1 కొరింథీ 1:23లో అదే స్కాండలాన్‌ను మన అనువాదకులు "ఆటంకము" అనిరి. మత్తయిలోను అట్లే అనియుంటే ఆ పెద్దకు ఈ వాక్యము అంత సులువుగా దొరికెడిది కాదు.

ఆక్షేపణకు లేఖనములలో వేరే మాటలున్నవి. కొర్నేలీ పిలిచినప్పుడు తాను ఎదురు చెప్పక వచ్చితినని పేతురు చెప్పిన చోట (అపొ. 10:29) తెలుగులో "అడ్డము" చెప్పుట అను మాట కలదు. యెరూషలేమునకు తిరిగి వచ్చిన పేతురుతో సున్నతి పొందినవారు వాదించిరి (11:2). అపొస్తలుడు వారిని శపింపక, జరిగినదంతయు వరుసగా వివరించెను. వారు విని దేవుని మహిమపరచిరి. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించెను (గలతీ 2:11). సాతానును ఎదిరించుడని యాకోబు 4:7లో చెప్పబడినదియు ఇదే గ్రీకు క్రియ. కావున మాటను మాత్రమే చూచి ఎదిరించుట పాపమనియు పుణ్యమనియు తేల్చలేము.

సణుగుట విషయమును అట్టిదే. ఫిలిప్పీ 2:14 నిషేధించిన గొంగుస్మోస్ అను పదమే అపొ. 6:1లో విధవరాండ్ర పక్షముగా లేచిన సణుగునకు వాడబడినది. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. దాని వెనుకనున్న అన్యాయమును సరిచేయుటకు ఏడుగురిని ఏర్పరచిరి.

ప్రతి ఆక్షేపణయు పరిశుద్ధమని మా భావము కాదు. మత్తయి 16:22–23లో సిలువ మార్గమునకు పేతురు చెప్పిన అడ్డమే ప్రభువునకు స్కాండలాన్ ఆయెను. ఇచ్చట రెండు అర్థములును కలిసినవి. అయితే అది దేవుని చిత్తమునకు అడ్డుపడెను. లెక్క అడుగుట దానివంటిది కాదు. పెద్దమీద దోషారోపణ వచ్చినచో ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండవలెనను నియమము (1 తిమోతి 5:19) పెద్దలకు రక్షణయే. ఆ నియమము ఆరోపణను విచారించు పద్ధతిని చెప్పుచున్నది గాని నోరు మూయించుమని చెప్పుటలేదు.

మత్తయి 18వ అధ్యాయమును ఆరవ వచనముతో ఆపక ముందుకు చదువవలెను. తప్పును ఒంటరిగాను, ఇద్దరు ముగ్గురి యెదుటను, తుదకు సంఘమునకును తెలియజేయు క్రమము 15–17 వచనములలో కలదు. ఆరవ వచనమును బోధించునప్పుడు "అభ్యంతరపరచుట అనగా పడద్రోయుట" అని కాపరులు ఒక్కమాట చేర్చుట మంచిది. ఆ సభలో చిన్నవాడు లెక్క అడిగిన సహోదరుడే. అతడు కొంతకాలమునకు మందిరమునకు రావడము మానివేసెను. అతనికి అభ్యంతరము కలుగజేసినవారు ఎవరు? మౌనముగా కూర్చున్న మేమును ఆ లెక్కలో ఉన్నాము.