మూరెడు నేల

మృగశిర కార్తె ప్రవేశించి, ధవళేశ్వరము ఆనకట్ట నుండి కాలువలకు నీరు వదలిరన్న వార్త పత్రికలలో కనబడిన రెండు మూడు దినములకు మా యూరి నుండి నాకొక కబురు వచ్చును. "మండె కడుతున్నాం, పిల్లల్ని తీసుకురా" అని. ఆ కబురు పంపువాడు వరుసకు నాకు బాబాయి. రెండెకరముల సొంత చేను, మూడెకరముల కౌలు చేను సాగు చేయుచున్న రైతు. అది అందినది మొదలు సంక్రాంతి వరకు, నేను కాపురమున్న పట్టణములో మా వీధి పిల్లలను ఏడెనిమిదిమందిని వెంటబెట్టుకొని, ఒకే చేనికి, ఒకే పంటకాలమున, ఐదు పర్యాయములు పోయి వచ్చుట కొన్ని యేండ్లుగా నాకొక వ్రతమైనది. పిల్లలకు రైతును గూర్చి ఎట్లు నేర్పవలెనని అడుగు తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ఆ వ్రతమున నాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు ఈ వారము విన్నవించుకొందును.

మొదటి యేడు నేను చేసిన పని వేరు. కోతలనాడు ఒక్క దినము పిల్లలను చేనిగట్టున నిలిపి, కొడవళ్ళను, పనలను, కుప్పలను చూపించి, రైతు చెమటోడ్చనిదే మన కంచములో అన్నము లేదని చిన్న ఉపన్యాసమొకటి చేసి, సాయంకాలమునకు ఎవరి యిండ్లకు వారిని చేర్చితిని. మరునాడు పదేండ్ల బాలుడొకడు తాను వ్రాసిన నాలుగు వాక్యములు తెచ్చి నాకు చూపెను. అందు మొదటి మాట "పాపం". రైతులు పాపం ఎండలో చాలా కష్టపడుతున్నారని వాడు వ్రాసెను. అది వాని దోషము కాదు. నేను చూపినది కష్టము. వాడు నేర్చినది జాలి. కాని జాలి యనునది ఎత్తైన చోట నిలిచి క్రిందికి చూచు చూపు. డిసెంబరు 23వ తేదీన, రైతు దినోత్సవమునాడు, వేదికపై శాలువ కప్పి, అన్నదాతా యని చేతులు జోడించుట క్రింది నుండి పైకి చూచు చూపు. ఈ రెంటికిని రైతు చేతులు కనబడవు. ఆ చేతులలోని విద్య అసలే కనబడదు. బాలునకు తన లెక్కల మాస్టారియందు గౌరవమేల కలుగును? ఆయన కష్టజీవి యని కాదు గదా! తనకు రానిది ఆయనకు వచ్చునని. రైతును గౌరవించుట బిడ్డలకు నేర్పవలెనన్న, ఆయనకు ఏమేమి తెలియునో ముందుగా వారికి తెలియవలెను. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే.

ఆ తెలివి ఎంతటిదో మండె కట్టునాడే బయటపడ నారంభించును. తొట్టెలో నీరు పోసి, కోడిగ్రుడ్డు తేలువరకు అందు ఉప్పు కలిపి, ఆ నీటిలో విత్తనపు వడ్లు పోసినచో తాలు పైకి తేలును, గట్టిగింజ అడుగున నిలుచును. గ్రుడ్డు ఏల తేలినదో, తాలు ఏల తేలినదో, బడిలో చదివిన సాంద్రతాపాఠముతో పిల్లలు తామే ముడివేసికొందురు. నేను నోరు మెదపను. గట్టిగింజలను మంచినీట కడిగి, ఒక దినము నానబెట్టి, నీరోడ్చి, తడిగోనెలో మూటగట్టి, పైన గడ్డి కప్పి బరువు పెట్టుటయే మండె కట్టుట. మరునాడు బాబాయి గోనెలోనికి చేయి పెట్టి వేడి చూచును. వేడి చాలకున్న మొలక రాదు, మితిమీరిన మొలక చెడును. ఎంత వేడి తగినదో ఆయన చేతికే యెరుక. పిల్లలు ఒక్కొక్కరుగా తమ చేతులు పెట్టి చూచి, ఆయన ముఖము వంక చూతురు. ఆ చూపులో జాలి లేదు. గురువు నోట మాట వెలువడుటకై కాచుకొన్న శిష్యుని యాతురత యున్నది.

ఆయన కాలమును లెక్కించు పద్ధతియు వారికి కొత్తయే. ఏడాదికి ఇరువదియేడు కార్తెలు, ఒక్కొక్కటి పదుమూడు పదునాలుగు దినములు. సూర్యుడు ఏ నక్షత్రమున నుండునో ఆ నక్షత్రము పేరే కార్తెకు పేరు. పిల్లల చేతికి ఒక పంచాంగ మిచ్చి, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు అనుచు, ఇంటి గోడనున్న క్యాలెండరుపై ఆ దినములను రంగు పెన్సిలుతో గుర్తింప జేయుదును. జూన్, జూలై అని మాత్రమే యెరిగిన బిడ్డలకు, ఆకాశమును చూచి నేలపని నిర్ణయించుకొన్న పూర్వుల లెక్క యొకటి తమ యింటి గోడకే వ్రేలాడుచున్నదని అప్పుడు తెలియును.

రెండవ పర్యాయము నాట్లకు. నాటువేయు స్త్రీలు మోకాలి దిగువ బురదలో నిలిచి, వంగిన నడుము వంగినట్లే, వెనుకకు అడుగులు వేయుచు, మునుము తరువాత మునుము పూర్తి చేయుచుందురు. అది వారికి కూలి సంపాదించుకొను వేళ. దానికి మన వలన అంతరాయము కలుగరాదు. అందుచేత గట్టు ప్రక్కనున్న మూల యొకటి పిల్లలకు వదలి పెట్టుమని ముందుగానే అడిగి యుంచుదును. ఒక యేడు ఆ జట్టులోని పెద్దామె పిల్లల వెనుకనే నడచుచు, "లోతుకు గుచ్చకూడదమ్మా, పైపైన పెట్టాలి. లోతుకు పోతే పిలకలు రావు" అని పలుమారు చెప్పెను. విన్నవారు విన్నారు, వినని వారు నారును బలముకొలది లోనికి గుచ్చిరి. ఎవరు నాటిన చోట వారి పేరున చిన్న పుల్ల పాతితిమి. తరువాతి పర్యాయమున బాబాయి వారికి ఆ కుదుళ్ళు చూపించినప్పుడు, పైపైన నాటినవి గుబురుగా పిలకలు వేసియుండెను. లోతుగా గుచ్చినవి బక్కచిక్కి నిలిచియుండెను. రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతు నాటరాదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు మాటయు ఇదియే. రైతు బొమ్మ గీయుమన్న, తలపాగ చుట్టి నాగలి పట్టిన పురుషుని మాత్రమే గీయు పిల్లలు, ఆ యేటి నుండి వంగి నాటువేయు స్త్రీని గూడ గీయుచున్నారు.

మూడవ పర్యాయము ఆశ్వయుజమున, చేను పొట్ట మీదనుండి ఈనుచున్న దినములలో. ఇచ్చట నేను వారికి మాటలు చూపుదును. పైరు మొదలు నుండి పుట్టునది పిలక. వెన్ను లోన దాగిన దశ పొట్ట. అది వెలికి వచ్చుట ఈనుట. లేతగింజ నొక్కిన తెల్లగా కారునది పాలు. ఆవు ఈనినదని ఏ నోట చెప్పుదుమో, చేను ఈనినదని ఆ నోటనే చెప్పిన జాతి మనది. ఉదయము పదిగంటల ప్రాంతమున వరిపువ్వు కొద్దిసేపు మాత్రమే విచ్చుకొనును. ఆ వేళ మందు చల్లరాదని బాబాయి చెప్పగా, అంత చిన్నపువ్వు విచ్చుకొను గడియను గూడ కనిపెట్టియున్న ఆయన కన్నులను పిల్లలు కొత్తగా చూచిరి.

నాలుగవ పర్యాయము కోతలకు. ఒక యేడు ఆ వేళ తుఫాను వచ్చెను. కోసి పరచిన పనలు చేలో నీటిపై తేలియాడుచుండెను. ఆ దినమున పిల్లలను తీసికొని పోవుటయా మానుటయా యని రాత్రి యంతయు తర్కించుకొని, తుదకు తీసికొనియే పోతిని. సుభిక్షమును మాత్రమే చూపి కరవును దాచిన చదువు అబద్ధపు చదువని తోచుట చేత. గట్టున నిలిచిన బాలిక యొకతె చాలసేపు మౌనముగా చూచి, "బాబాయి తాతా, మీకు ఇన్ని తెలుసు కదా, వాన వస్తుందని తెలియలేదా?" అని అడిగెను. ఆయన నొచ్చుకొనలేదు. "తెలిసినా ఆపలేం కదమ్మా! వచ్చాక ఏం చెయ్యాలో అదే తెలుసు" అనెను. అని, పనలను గట్టుమీదికి చేర్పించి, నీటికి కాలువ తీయించి, గింజ మొలకెత్తకుండ లీటరు నీటికి యాబది గ్రాముల లెక్కన ఉప్పు కరిగించి, పనలపై చల్లించెను. జ్యేష్ఠమున విత్తనము నేరుటకు కలిపిన ఉప్పే కార్తికమున పంటను కాచుటకు వచ్చినది. పంటలో కొంత పోయెను, కొంత దక్కెను. ఆపదలో రైతు చేతులు ముడుచుకొని యుండడనియు, ఆయన విద్య అప్పుడే మిక్కిలి అవసరపడుననియు పిల్లలు ఆనాడు ఎరిగినంత స్పష్టముగా మరి యెప్పుడును ఎరుగలేదు.

మంచి యేడు వచ్చినప్పుడు ఆ నాలుగవ పర్యాయమును లెక్కకు వినియోగింతును. మా చేను స్వర్ణ. 1925లో నెలకొన్న మారుటేరు పరిశోధనా కేంద్రము 1982లో విడుదల చేసిన వంగడము. కడచిన యేడు పిల్లలొక కుదురును మొదలంట కోసి, వెన్నులు లెక్కించిరి: తొమ్మిది. గింజలు ఒలిచి లెక్కించిరి: వేయికి కొంచె మెక్కువ. త్రాసులో పెట్టగా సుమారు 20 గ్రాములు. వడ్లలో మూడింట రెండు పాళ్ళు బియ్యమగును గనుక, ఆ కుదురున దక్కు బియ్యము 13 గ్రాములు. ఒక పూట తాము తిను అన్నమునకు 80 గ్రాముల బియ్యము చాలునని ఇంటివద్ద తల్లులు కొలిచి చెప్పి యుండిరి. అనగా ఒక పూటకు ఆరు కుదుళ్ళు. చదరపు మీటరునకు ముప్పది మూడు కుదుళ్ళ లెక్కన నాటిన చేలో ఆరు కుదుళ్ళు ఆక్రమించు చోటు, మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. మొదటి యేడు "పాపం" అని వ్రాసిన బాలుడు, అప్పటికి కొంత పెద్దవాడై, గట్టుమీద మోచేయి ఆనించి మూర కొలిచి, పుల్లతో నాలుగు ప్రక్కల గీత గీచి, దానివంక చూచుచు కూర్చుండెను. ఆ మూరెడు నేల ఐదు నెలలు నీరు త్రావి, కలుపు తీయించుకొని, ఎరువు తిని, పురుగును తట్టుకొని, తనకు ఒక్క పూట అన్నము పెట్టుచున్నది. నలుగురున్న ఇంటికి, పూటకు నాలుగు చొప్పున, ఏడాది పొడవున రెండు పూటలకు ఎంత నేల కావలెనని వాడే లెక్కవేసి, సుమారు పదుమూడు సెంట్లని చెప్పెను. మెతుకు పారవేయకుమని నేను వానికి చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయెను.

ఐదవ పర్యాయము నూర్పు ముగిసిన పిమ్మట, బాబాయి ఇంటి అరుగుమీద. అప్పుడు జమాఖర్చులు. కౌలు చేలో ఎకరమునకు డెబ్బదియైదు కిలోల బస్తాలు ముప్పది రెండు పండినవి. అందు పదునాలుగు భూయజమానికి కౌలు. మిగిలిన పదునెనిమిదింటి నుండియే విత్తనము, దమ్ము, నాటుకూలి, ఎరువు, కలుపు, కోత, నూర్పు అన్నియు తీరవలెను. పిల్లలు పలకమీద ఒక్కొక్కటిగా తీసివేయుచు పోయి, తుదకు మిగిలిన అంకెను చూచి, తప్పు చేసితిమేమో యని మరల మొదటి నుండి లెక్కించిరి. లెక్క తప్పు కాలేదు. ఇది పిల్లలకు చెప్పదగినది కాదని కొందరు నాతో వాదించిరి. ఇంత విద్య గల వానికి ఇంత కొలదిగా మిగులుట ఏలయన్న ప్రశ్న బాల్యముననే పుట్టినచో, పెద్దయైన పిమ్మట దానికి సమాధానము వెదకువారు కొందరైనను మిగులుదురని నా నమ్మకము.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. రవీంద్రనాథుడు 1922లో శ్రీనికేతనమును స్థాపించి, 1928లో హలకర్షణోత్సవమున తానే నాగలి పట్టినప్పుడు, నేలపని విద్యాలయపు గోడల వెలుపలి విషయము కాదని చాటెను. "రైలుబడి" పేర తెలుగువారికి ప్రియమైన జపాను గ్రంథములో, ఆ బడి పెద్ద కొబయాషి ఒక రైతును పిల్లల యెదుటికి తెచ్చి, నేటి మీ మాస్టారు వీరేనని పరిచయము చేసెను. ఆ యొక్క పరిచయములో నా వ్రతమంతయు ఇమిడియున్నది.

చేయదలచినవారికి రెండు మూడు సూచనలు. మీకు దగ్గర పండునదేదో దానినే పట్టుకొనుడు: అనంతపురము వారికి వేరుశనగ, పాలమూరు వారికి జొన్న, వరంగల్లు వారికి ప్రత్తి. పంటలు మార్చి మార్చి చూపుట కంటె, ఒకే చేనిని విత్తు మొదలు నూర్పు వరకు చూపుట మేలు. పురుగుమందు చల్లిన దినములలో పిల్లలను చేనికి తీసికొని పోరాదు. రైతు మాటలాడునప్పుడు మనము మాటలాడరాదు. ఇది అన్నింటికంటె కష్టమైన నియమము. ఊరు లేనివారు మేడమీద ఒక తొట్టెలో బంకమట్టి పోసి, నీరు నిలిపి, గుప్పెడు మొలకవడ్లు చల్లి చూడవచ్చును; అది రైతు చేనికి సాటి రాదు గాని, ఈనునాటికి ఇంటిల్లిపాదియు దాని చుట్టు చేరుదురు.

ఈ యేడు మృగశిర ప్రవేశించిన మరునాటి సాయంకాలము మా పట్టణమున తొలకరి జల్లు పడెను. తడిసిన మట్టి వాసన ఇంకను గాలిలో నుండగనే టెలిఫోను మ్రోగెను. తుఫాను యేట బాబాయిని ఆ ప్రశ్న అడిగిన బాలిక. "తాతగారూ, మృగశిర వచ్చేసింది కదా! బాబాయి తాత మండె కట్టారా?" అని అడిగెను. ఊరి నుండి నాకు ఇంకను కబురు రాలేదు. నేనే ఊరికి ఫోను చేసి, ఆ ప్రశ్ననే బాబాయికి వినిపించితిని.