గురువుతో విభేదించిన శిష్యుని గురుస్మరణము

అమర్త్యసేనుగారు 2021లో ప్రకటించిన స్వీయచరిత్ర ‘హోమ్ ఇన్ ది వరల్డ్’ను మేము అర్థశాస్త్రము తెలిసికొనవలెనని తెఱచితిమి. మూసిన పిదప మనస్సున మెదలినది మా తరగతిగది. 1998లో నోబెల్ బహుమానమందిన యీ విద్వాంసుడు తనకు చదువు చెప్పినవారిని గూర్చి మిక్కిలి మక్కువతో వ్రాసిరి.

గురుభక్తి మన యిండ్లకు క్రొత్త గాదు. కాని గురువు మాటను కాదనుట ద్రోహమని మనము తలచుదుము. ఈ గ్రంథమందలి భక్తి యట్టిది గాదు. 1953లో సేనుగారు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు బోయినది మారిస్ డాబ్, పియెరో స్రాఫా, డెన్నిస్ రాబర్ట్‌సన్ అను మువ్వురిని ఆశించియే. డాబు మార్క్సు మతానుయాయి. రాబర్ట్‌సన్ ఆ మతమునకు దూరస్థుడు. ఇరువురి యొద్దను నేర్చి, యెవ్వరికిని దాసుడు గాకుండుట సామాన్యమా?

పరిశోధనకు మార్గదర్శినియైన జోన్ రాబిన్సను గారి కథ మఱింత రుచికరము. ఆమె ప్రతిభను సేనుగారు వేనోళ్ల కొనియాడిరి; పరమతమును సహింపని గుణమును దాచలేదు. జనుల వేర్వేరు అభీష్టములనుండి సంఘమునకంతకు నొక న్యాయమైన నిర్ణయమేర్పడగలదా యను ప్రశ్న యాయనను కలకత్తాలోనే పట్టుకొనియుండెను. ఆమెకది వ్యర్థప్రయాసగా దోచెను. శిష్యుడు వేఱొక విషయమున సిద్ధాంతవ్యాసము ముగించి, పిదప తన ప్రశ్నకే మరలివచ్చి, 1970లో దానిపై గ్రంథము వెలువరించెను. ఆయనకు బహుమానము దెచ్చిన కృషిలో నిది ప్రధానమైనది.

మన శాస్త్రకారులు పూర్వపక్షమునకు పీట వేసిరి. మన తరగతులలో నది బెంచీ యెక్కవలసినదే. మేమును బోధకులమే, పరీక్షకు రాని ప్రశ్న నడిగిన పిల్లవానిని కూర్చుండుమని యెన్నిసారులు నోరు మూయించితిమో లెక్కలేదు.

గ్రంథమున లోపము లేకపోలేదు. మిత్రుల పేర్లు కొన్నియెడల పెండ్లి కట్నముల పట్టీవలె సాగును. పాఠకుడు రెండు పుటలు దాటించినను దోషము లేదు.

ఆ ప్రశ్నను సేనుగారికి చేర్చినది మాత్రము ఆచార్యుడు గాడు. 1951లో వెలువడిన కెన్నెత్ ఆరో గ్రంథమును సహాధ్యాయి సుఖమయ చక్రవర్తి కలకత్తాలోని యొక పుస్తకముల దుకాణమునుండి యెరువు దెచ్చెను. కళాశాల చేరువ కాఫీహౌసులో మిత్రులిద్దరు దానిని గూర్చి దీర్ఘముగా చర్చించిరి. అమ్ముడు పోవలసిన క్రొత్త పుస్తకమును రొక్కము లేని విద్యార్థి చేతబెట్టి పంపిన యా వర్తకుని గూర్చి గ్రంథకర్త మఱి నాలుగు మాటలు వ్రాసియుండిన బాగుండెడిది.